గ్యారేజీలో తెల్లటి నేల

ఫిబ్రవరి 6, శుక్రవారం

మందుల కంపెనీ వాళ్ళు నేను పనిచేసే మందుల షాపుకి ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా గ్యాస్ మాత్రల ప్రకటన. జనవరంతా ఖాళీగా వదిలేశాను. రాయడానికి ఏమీ జరగలేదు. ఈ రోజు జరిగింది.

మా ఆయన గ్యారేజీ నేలకి కోటింగ్ వేస్తాడట. మనిషిని పెట్టి వేయించడం కాదు, తనే వేస్తాడట.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈయన చీపురు పట్టుకోగా నేను చూడలేదు. నీళ్ళు ఒలికితే దాటుకుని పోయే మనిషి. అలాంటిది కంచం ముందు కూర్చుని ఎపాక్సీ అంటాడు, పాలీయురెథేన్ అంటాడు, మామూలు పెయింటయితే వేడి టైర్లకి అంటుకుని లేచొచ్చేస్తుంది అంటాడు. ఎక్కడ నేర్చుకున్నారివన్నీ అంటే ఫోన్లో చూశా అన్నాడు.

ఈయన వాన్ నడిపే స్కూలుకి బిల్డింగ్ రిపేర్లని రేపటి నుంచి రెండు వారాలు సెలవులు, వాన్ బయట పెట్టుకోవచ్చు, మళ్ళీ ఇంత టైము దొరకదు, అదీ కారణం. కారణం బాగానే ఉంది. అంత బాగా ఉండడమే నాకు నచ్చలేదు. ఎవరో అడుగుతారని ముందే తయారుచేసి పెట్టుకున్నట్టుంది.

ఏ రంగు అన్నాను. తెలుపు అన్నాడు.

స్కూలు వాన్ నిలబెట్టే చోట తెల్ల నేల! ఎవరు కడుగుతారు అన్నాను. నేనే కడుగుతా అన్నాడు. అప్పుడు నిజంగానే భయం వేసింది.


ఫిబ్రవరి 7

హార్డ్‌వేర్ షాపుకి నన్ను కూడా రమ్మన్నాడు. ఇదీ కొత్తే.

ఆ షాపు ఓనర్ని అందరూ గ్యారంటీ అంటారు. మేకు కొన్నా గ్యారంటీ అంటాడు, తాడు కొన్నా గ్యారంటీ అంటాడు. మనిషి మాత్రం పని తెలిసినవాడు. కాంక్రీటు వేసి ఎన్నేళ్ళయింది, అడుగునుంచి చెమ్మ వస్తుందా, ఇంతకు ముందు ఏదైనా పూశారా అని డాక్టరులా అడిగాడు. ఒకే డబ్బాలో వచ్చే ఫ్లోర్ పెయింటు ఏడాది తిరక్కుండా లేచిపోతుందట. రెండు డబ్బాల ఎపాక్సీ తీసుకోమన్నాడు. ఒకదాంట్లో రెసిన్, ఇంకోదాంట్లో హార్డెనర్. రెండూ కలిపాక నలభై నిమిషాలే టైము, ఆ తర్వాత బకెట్లోనే బండరాయి అయిపోతుందన్నాడు.

రంగు దగ్గర పేచీ వచ్చింది. వాన్ తిరిగే చోట ముదురు బూడిదరంగు వెయ్యండి సార్, టైరు మచ్చలు కనపడవు అన్నాడు గ్యారంటీ. ఈయన ఒప్పుకోలేదు. కలర్ కార్డు పట్టుకుని షాపు బయటికి, ఎండలోకి వెళ్ళాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. చివరికి నాకు చూపించి ఇందులో అన్నిటికన్నా తెల్లది ఏదో చెప్పు అన్నాడు. చెప్పాను. అదే కావాలన్నాడు. మెరుపు మాత్రం వద్దట, కళ్ళలోకి కొడుతుందట. సన్న ఇసుక కలిపితే మెరుపూ చస్తుంది, కాలూ జారదు అన్నాడు గ్యారంటీ.

దాంతోపాటు రెండు లీటర్ల నలుపు. ఎందుకండీ అంటే గీతలకి అన్నాడు. పార్కింగ్ గీతలట. ఒకే ఒక్క వాన్ ఉన్న ఇంట్లో పార్కింగ్ గీతలు.

ఇల్లు అమ్మేస్తున్నాడా? కొనేవాళ్ళకి చూపించడానికా ఈ సింగారమంతా?


ఫిబ్రవరి 8

గ్యారేజీ నేలకి నాలుగు చోట్ల ప్లాస్టిక్ ముక్కలు టేపుతో అంటించాడు. ఒక రోజు అలాగే ఉంచితే కింద చెమ్మ ఉందో లేదో తెలుస్తుందట. మనుషులక్కూడా ఇలాంటి పరీక్ష ఒకటుంటే బాగుండు.


ఫిబ్రవరి 9, సోమవారం

ప్లాస్టిక్ కింద పొడిగానే ఉంది. నేల పాసయింది.

ఈయన కాలేదు. సామానంతా బయటికి మోస్తుంటే ఎడమ పక్క స్తంభం చూశాను. నడుము ఎత్తున మూడు గీరలు. మూడింట్లోనూ వాన్ పసుపు రంగు. ఒకదాని మీద సిమెంటు మెత్తి ఉంది, అది ఆరి కూడా చాలా రోజులైంది. వాన్ దగ్గరికి వెళ్ళి చూశాను. ఎడమ అద్దం కొత్తది. ఎడమ తలుపు కింద రంగు మళ్ళీ వేశారు, మిగతా పసుపుతో కలవలేదు.

అడిగాను. సర్వీస్ సెంటర్లో కుర్రాళ్ళు గీకారు అన్నాడు. నా ప్రశ్న పూర్తికాక ముందే అన్నాడు. మరి స్తంభం కూడా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళొచ్చిందా అన్నాను. నీతో మాట్లాడి గెలవలేనే తల్లీ అని బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

పంతొమ్మిదేళ్ళుగా స్కూలు వాన్ నడుపుతున్నాడు. ఒక్క గీత పడనివ్వలేదని గొప్పలు చెప్పుకునేవాడు. ఎవరినైనా గుద్దాడా? గుద్ది దాస్తున్నాడా?

రాశాక ఆ మాట చదువుకున్నాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.


ఫిబ్రవరి 10

నేను మందుల షాపు కౌంటర్‌లో ఉండగా స్కూలు వాన్ ఆయా వచ్చింది. తలనొప్పి మాత్ర ఒక్కటి అడిగింది. ఇచ్చాను. వెళ్ళదు. చుట్టూ చూస్తుంది. సార్ బాగున్నారా అంది. బాగున్నాడు అన్నాను. సెలవులయ్యాక కూడా ఆయనే వస్తారా అంది. ఆయన కాక ఇంకెవరొస్తారు అన్నాను. ఏం లేదమ్మా ఊరికే అడిగా అని, మాత్ర కౌంటర్ మీదే మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆవిడకి నలభై ఉంటాయేమో. మొగుడు లేడు. మనిషి చక్కగా ఉంటుంది.

ఛీ. కానీ ఆలోచించాను, అబద్ధమెందుకు.


ఫిబ్రవరి 11

మధ్యాహ్నం స్పేర్ పార్ట్ కావాలని వెళ్ళాడు. వాన్ ఇంట్లోనే ఉంది. స్కూటర్ కూడా ఇంట్లోనే ఉంది. బస్సెక్కాడని పక్కింటి పిన్నిగారు చెప్పారు. సాయంత్రం ఉత్త చేతులతో, నల్లద్దాలతో వచ్చాడు. ఇంట్లో కూడా తియ్యడు. రేపు గ్రైండింగ్ దుమ్ముకి కొన్నా, అలవాటు చేసుకుంటున్నా అన్నాడు. చొక్కా వాసన చూశాను. మందు వాసన లేదు. ఆడవాసనా లేదు. ఈయన నా పుట్టినరోజే గుర్తుపెట్టుకోలేడు, ఇంకో మనిషిది కూడా గుర్తుపెట్టుకోవాలంటే చచ్చిపోతాడు. ఆ ధైర్యం ఒకటి ఉంది నాకు.

అయినా ఆయా ఎందుకు అడిగింది?


ఫిబ్రవరి 12

గ్యారంటీ గ్రైండింగ్ మిషను, దాన్ని నడిపే మేస్త్రీని పంపించాడు. నున్నటి కాంక్రీటుకి కోటింగ్ పట్టదట, గరుకు చెయ్యాలట. ఇల్లంతా దుమ్ము. అంతకు ముందు ఈయన మోకాళ్ళ మీద కూర్చుని ఆయిల్ మరకలన్నీ జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో రుద్దాడు. ఏ రోజూ ఇంత శ్రద్ధ చూడలేదు.

వెళ్ళేముందు మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. అమ్మా, సార్‌కి మళ్ళీ నేనే చెప్తే బాగుండదు, ఎడమ గోడ పొడుగునా జానెడు వెడల్పున ఆయిల్ అలాగే వదిలేశారు, మూడుసార్లు చెప్పినా బాగానే ఉందిగా అంటున్నారు, ఆ మరక మీద వేస్తే ఏ కోటింగూ నిలవదు అన్నాడు. వెళ్ళి చూశాను. నిజమే. గీత గీసినట్టు అక్కడిదాకా అద్దంలా ఉంది, ఆ తర్వాత నల్లటి జిడ్డు.

బద్ధకం అనుకున్నాను. నేనే కూర్చుని రుద్దాను.


ఫిబ్రవరి 14

ప్రైమర్ వేశాడు. నన్ను లోపలికి రానివ్వలేదు. వాసనకి తలనొప్పి. ఆయా వదిలేసిన మాత్ర వేసుకున్నాను.


ఫిబ్రవరి 15, ఆదివారం. ఉదయం 7:10

ఈ రోజు మొదటి కోటు. ఒక్కడి వల్ల కాదట. నేను కలిపి ఇవ్వాలి, ఆయన రోలర్ వెయ్యాలి. వెనక గోడ దగ్గర మొదలుపెట్టి తలుపు వైపు రావాలి. పాత చీర కట్టుకున్నాను. యుద్ధానికి వెళ్తున్నట్టుంది.


అదే రోజు, 11:30

చేతికి ఇంకా రంగు ఉంది. పేజీకి అంటుతోంది. అంటనీ.

మొదటి బకెట్ బాగానే గడిచింది. రెండోది కలిపి పోశాను, ఆయన రోలర్ నడుపుతున్నాడు. వెనక నిలబడి చూస్తే ఎడమ పక్కన ఒక జాగా వదిలేశాడు. తలుపు పలకంత జాగా. ఏవండీ, అక్కడ వదిలేశారు అన్నాను. ఎక్కడ అన్నాడు. మీ ఎడమ మోకాలి పక్కనే అన్నాను. తల తిప్పలేదు, ఎక్కడే అన్నాడు మళ్ళీ. పరాచికమనుకున్నాను. అక్కడేనండీ, మీ పక్కనే అన్నాను. అప్పుడు రోలర్ వదిలేసి, అరచేత్తో నేల తడుముతూ వెళ్ళాడు. తడి ఎక్కడ ఆగిపోయిందో వేళ్ళతో వెతుక్కున్నాడు.

నా చేతిలో బకెట్ వేడెక్కుతోంది. ఆ రెండు డబ్బాలవీ కలిస్తే వేడి పుడుతుంది. ఇంకా ఇరవై ఐదు నిమిషాలు ఉందేమో. నేను మెల్లగా నడుచుకుంటూ ఆయన ఎడమ పక్కకి వెళ్ళాను. చెయ్యి చాపాను. మొహానికి మూరెడు దూరంలో వేళ్ళు ఆడించాను.

ఏమీ లేదు. రెప్ప కూడా వెయ్యలేదు. నేలకేసి చూస్తూ, సరిపోయిందా అని, నేను ఇంతకు ముందు నిలబడ్డ వైపు తిరిగి అడిగాడు.

సరిపోయింది అన్నాను.

అరిచి ఆపుదామనుకున్నాను. బకెట్ కాలుతోంది. ఇప్పుడు ఆపితే నేల సగంలో గట్టిపడిపోతుంది. ఎంత పిచ్చి చూడు, మొగుడి కళ్ళు పోయాయని తెలిసిన క్షణంలో నాకు నేల పాడవుతుందని బెంగ. ఇంకా కుడికి, ఇంకా కింద, ఇక్కడ ఒక చెయ్యి అని చెప్తూనే ఉన్నాను. ఆయన చెప్పినట్టల్లా వేస్తూనే ఉన్నాడు. ఇద్దరం తలుపు దగ్గరికి వచ్చేశాం. గడప దాటాం. నేల తెల్లగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది.

ఎప్పటినుంచి అన్నాను.

ఆయన గేటు మెట్టు మీద కూర్చుండిపోయాడు. గ్లౌజులు తియ్యడం మర్చిపోయాడు.


అదే రోజు, సాయంత్రం

ఎనిమిది నెలలట. గ్లకోమా. నొప్పి ఉండదు, చూపు పక్కనుంచి మూసుకొస్తుంది, నడి మధ్యలో మాత్రం చివరిదాకా బాగానే కనిపిస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. రోజుకి పదిమందికి ఆ చుక్కలు అమ్ముతాను. ఎన్నిసార్లు వెయ్యాలో, సీసా ఎక్కడ పెట్టాలో చెప్పి మరీ అమ్ముతాను. మరి మీరెక్కడ కొంటున్నారు అన్నాను. నీ షాపు తప్ప అన్ని చోట్లా అన్నాడు.

బుధవారం వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికి. చుక్కలేసి చూస్తారు కదా, అందుకు నల్లద్దాలు. ఎడమ పక్క ఇక రాదన్నాడట డాక్టరు. కుడి పక్క కూడా తగ్గుతోందట. డ్రైవింగ్ ఆపమని ఎనిమిది నెలల కిందటే చెప్పాడట.

తెల్ల నేల, నల్ల గీతలు ఎందుకో ఇప్పుడర్థమైంది. మసక గ్యారేజీలో స్తంభం తెలియడం లేదు. వాన్‌కి గీతలు పడితే స్కూల్లో అడుగుతున్నారు.

ఈ రెండు నెలలూ గడవనీ, పరీక్షలయ్యాక నేనే మానేస్తా, ఇప్పటిదాకా ఏమీ జరగలేదు, అద్దాలున్నాయి, ఆయా ఉంది అన్నాడు. పొద్దున్నే పద్నాలుగు మంది డ్రైవరంకుల్ అని అరుస్తారు, అది పోతే నేనెవర్నే అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నిజంగా ఏమీ జరగలేదా అని కూడా అనుకున్నాను.


ఫిబ్రవరి 16

రెండో కోటు. మాట్లాడుకోలేదు. కుడికి, ఎడమకి అన్న మాటలు తప్ప.


ఫిబ్రవరి 17

రాయడానికి ఏమీ లేదు. అబద్ధం. చాలా ఉంది.


ఫిబ్రవరి 18

గీతలు గీశాం. ముందు మాస్కింగ్ టేపు అంటించి, మధ్యలో నలుపు వేసి, తడిగా ఉండగానే టేపు లాగెయ్యాలి. కుడి టేపు తిన్నగా వేశాడు. ఎడమది తాగినవాడి నడకలా వంకర్లు పోయింది. నేను వంగి పీకి, దారం పట్టుకుని తిన్నగా అంటించాను. బాగా వచ్చిందా అన్నాడు. చాలా బాగా వచ్చిందన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. దొంగకి నిచ్చెన పట్టుకున్నదాన్ని నేనే.


ఫిబ్రవరి 19

ఆయా ఇంటికి వెళ్ళాను. ఆవిడని అనుమానించినందుకు తల ఎత్తలేకపోయాను. ఆవిడకా సంగతి తెలియదు, టీ పెట్టింది.

చెప్పనని సార్‌కి మాటిచ్చానమ్మా అంది. ఇచ్చిన మాట నాకు చెప్పకూడదని కాదుగా అన్నాను. అప్పుడు చెప్పింది.

జనవరి ఆఖర్లో, సాయంత్రం ట్రిప్పు. బుడగని మా గేటు దగ్గర దించారు. బుడగ అంటే పక్కింటి పిన్నిగారి మనవరాలు. ఆరేళ్ళు. పొద్దస్తమానం నోటితో బుడగలు ఊదుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. పిల్ల ఎడమ పక్కన దిగింది, బూటు ఊడింది, వంగింది. ఈయన వాన్ కదిలించాడు. ఆయా తలుపులోంచే ఉరికి పిల్ల కాలర్ పట్టి లాగేసింది. బూటు మీదుగా టైరు వెళ్ళింది. పిల్లకి ఏమీ కాలేదు, కొత్త బూట్లు వస్తాయని ఎగిరింది కూడానట. బూటు పోయిందని ఇంట్లో చెప్పించారట.

సార్ స్టీరింగ్ మీద తల పెట్టి చాలాసేపు లేవలేదమ్మా, నాకు జాలేసింది, కానీ అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు అంది.

ఇంటికొచ్చాను. ఈయన టీవీ చూస్తున్నాడు. ఏమీ జరగలేదన్నారుగా అని అడగలేదు. అడిగితే ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వస్తుంది.


ఫిబ్రవరి 20

వాన్ తాళం తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. మధ్యాహ్నం అనుమానం వచ్చి బీరువాలో డూప్లికేట్ కోసం చూశాను. లేదు. నాకన్నా ముందే తీసేశాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికొకరు తెలియకుండా దొంగలమయ్యాం.

ప్రిన్సిపాల్ నంబరు రెండుసార్లు నొక్కాను. మోగక ముందే కట్ చేశాను. నేను చెప్పేస్తే జన్మలో క్షమించడు. చెప్పకపోతే, రేపేదైనా అయితే, నన్ను నేను క్షమించుకోలేను. మొదటిదాంతో కాపురం చెయ్యొచ్చేమో.


ఫిబ్రవరి 22, ఆదివారం

రెండో కోటు వేసి ఆరు రోజులైంది, ఇక వాన్ ఎక్కించొచ్చు. గోటితో గీకి చూశాడు. గ్యారంటీ గ్యారంటీయే అన్నాడు. వారం తర్వాత ఆయన నవ్వడం ఇదే.

పదకొండింటికి డూప్లికేట్ తాళం జేబులోంచి తీశాడు. సిగ్గు కూడా పడలేదు. నువ్వు ఇంట్లోకి వెళ్ళు, ఒక్కసారి పెట్టి చూపిస్తా, గీత మీద టైరు పడితే అప్పుడడుగు అన్నాడు. సరే అని వంటింట్లోకి వెళ్ళాను.

వంటింట్లోంచి గ్యారేజీలోకి తలుపుంది. అందులోంచి వెళ్ళి ఎడమ గీత మీద, స్తంభానికి ఇవతల నిలబడ్డాను. ఎర్ర చీర కట్టుకున్నాను. తెల్ల నేల మీద ఎర్ర చీర. కనిపించనిది కాదు. దాక్కోలేదు. బుడగ ఎత్తుకి వంగుదామనుకున్నాను గానీ ధైర్యం చాలలేదు.

వాన్ మెల్లగా లోపలికి వచ్చింది. ఆయన మొహం నాకు స్పష్టంగా కనిపించింది. నుదురు ముడేసి, పెదవి కొరుక్కుంటూ, ఎదురుగోడకేసి చూస్తున్నాడు. నా మీదుగా ఒక్కసారి కూడా చూపు వెళ్ళలేదు. కొత్త అద్దం నా భుజానికి తగిలి మడతపడింది. నేను స్తంభానికి అతుక్కుపోయాను. తలుపు పసుపు నా జాకెట్‌ని రాసుకుంటూ వెళ్ళింది. అరవలేదు. టైరు నా కాలి ముందు బెత్తెడు దూరంలో ఆగింది.

ఇంజన్ ఆపాడు. దిగాడు. కుడి గీత చూసుకుని, వాన్ ముందు నుంచి తిరిగి ఇవతలికి వచ్చి, ఏమే, రా, వచ్చి చూడు, ఒక్క గీత పడితే ఒట్టు అని వంటింటి వైపు తిరిగి కేకేశాడు. పదహారేళ్ళ కుర్రాడిలా ఉన్నాడు.

ఇక్కడున్నాను అన్నాను.

అటు తిరిగాడు. తల మొత్తం తిప్పితే గానీ నేను కనపడలేదు. నన్ను చూశాడు, మడతపడిన అద్దం చూశాడు, నా కాళ్ళ దగ్గర టైరు చూశాడు. ఎప్పట్నుంచి అక్కడున్నావు అన్నాడు. మీరు వచ్చినప్పట్నుంచి అన్నాను.

కొత్త నేల మీద అలాగే కూలబడ్డాడు. నా పాదం మీద చెయ్యి వేసి, వేళ్ళన్నీ ఉన్నాయా లేవా అన్నట్టు ఒక్కొక్కటే తడిమి చూశాడు. బూటు సంగతి ఆయనే చెప్పాడు. ఈసారి నేనేమీ అడగలేదు.

నాలుగింటికి ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాడు. నేను చేస్తానంటే వద్దన్నాడు. నంబరు మాత్రం నన్ను నొక్కమన్నాడు. రేపటికి ఇంకో డ్రైవర్‌ని చూస్తామన్నారట, అతనికి దారి తెలియదు, మీరు ఒక వారం వాన్‌లో కూడా ఉండి చూపించాలి అన్నారట.

ఆ తర్వాత పక్కింటికి వెళ్ళాడు. పిన్నిగారి గొంతు పెద్దగా వినిపించింది. ఆ తర్వాత అస్సలు వినిపించలేదు. నేను వెళ్ళలేదు. అది ఆయన వినాల్సిందే.


ఫిబ్రవరి 23, సోమవారం. ఉదయం 7:05

కొత్త డ్రైవర్ వచ్చాడు. ఈయన డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు. బెల్టు ఎటునుంచి లాగాలో తెలియక తడుముకుంటుంటే, పక్కన కూర్చున్న బుడగ లేచి పెట్టింది.